మూడో పన్ను

పసి, వెన్లా దంపతులు హెల్సింకీలో ఉన్నన్నాళ్ళూ పన్ను మీదే బతికారు. ఆయన పన్నుల ఆఫీసులో గుమస్తా, ఆవిడ పళ్ళ డాక్టరు. ఆయన పన్ను రాబట్టేవాడు, ఆవిడ పన్ను ఊడగొట్టేది. ఇద్దరి ఎదుటా జనం ఒకే మొహం పెట్టుకుని కూర్చునేవారు.

ఇలా పదిహేనేళ్ళు గడిచాక పసి కడుపులో పుండు పడింది. రోజుకి తొమ్మిది కప్పుల ఆఫీసు కాఫీ చేసిన నిర్వాకం అది. అదే వారంలో వెన్లా క్లినిక్ నుంచి వచ్చి సోఫాలో కూలబడి, "కాఫీ మరక పట్టిన పన్ను ఇంకొక్కటి చూశానంటే నాకు పిచ్చెక్కుతుంది పసీ," అంది. ఆ సాయంత్రం ఇద్దరూ కూర్చుని రెండు నిర్ణయాలు తీసుకున్నారు. ఒకటి, పట్నం వదిలి పల్లెకి పోయి సేద్యం చెయ్యడం. రెండు, కొత్త ఇంట్లోకి కాఫీ గింజని అడుగుపెట్టనివ్వకపోవడం.

మొదటి నిర్ణయం విని స్నేహితులు నవ్వారు. రెండోది విని భయపడ్డారు.

కోరి కోరి సావో ప్రాంతంలో కోర్పిలా అనే పల్లెకి వచ్చారు. హిల్యా అనే ముసలావిడ పోయాక ఖాళీగా పడున్న ఎర్రచెక్కల ఇల్లు, ఒక కొట్టం, సౌనా అనే ఆవిరిస్నానాల గది, రెండెకరాల గడ్డిచేను. సేద్యంలో పసి పేరుకు తగ్గట్టు పసివాడే. వెన్లా మాత్రం వేడి రొట్టె మీద వెన్నలా ఆ నేలలోకి ఇంకిపోయింది. అడవికి అవతల ఉండే ఐలా అనే డెబ్భై ఏళ్ళావిడ దగ్గర ఒక ఆవుని తెచ్చుకుంది. దాని పేరు మన్సిక్కి. వచ్చిన రోజే మన్సిక్కి వెన్లా మనసుకెక్కింది. రోజూ పొద్దున్నే దాని పళ్ళు చూసి, "భేష్, ఒక్క మరక లేదు!" అని మెడ నిమిరేది.

ఆవుని అప్పగిస్తూ ఐలా ఒకే ఒక్క మాట అంది.

"జూలై ఆఖరికి మీ కొట్టం నిండా ఎండుగడ్డి ఉండాలమ్మా. లేదంటే నేనొచ్చి దీన్ని తోలుకుపోతా. పట్నం వాళ్ళ సరదా కోసం చలికాలమంతా దాన్ని పస్తు పెట్టను."

వెన్లా మాటిచ్చింది.

హిల్యా వంటింట్లో పొయ్యి మీద ఒకే ఒక్క వస్తువు మిగిలి ఉంది. నీలం రంగు ఎనామెల్ కాఫీ కూజా. ఇక్కడి భాషలో కాఫీ కాచే కూజాని పన్ను అంటారు. పట్నంలో రెండు రకాల పన్నుతో వేగి పారిపోయి వచ్చిన వాళ్ళ కోసం మూడో పన్ను పొయ్యెక్కి కూర్చుని ఎదురుచూస్తోందన్నమాట. దీంతో మనకేం పని అనుకుంది వెన్లా. పళ్ళు తొలిచే మిషను తీసి, నీళ్ళు కారడానికి దాని అడుగున నీటుగా ఒక చిల్లి పెట్టింది. మట్టి నింపి, ఎర్ర జెరేనియం మొక్క నాటి, దారిన పోయేవాళ్ళందరికీ కనిపించేలా వసారా కటకటాల మీద నిలబెట్టింది.

దారిన పోయేవాళ్ళందరూ చూశారు. ఎవరూ ఏమీ అనలేదు. కోర్పిలాలో ఏమీ అనలేదంటే చాలా అన్నట్టు.

జూలై ఆఖరి వారం వచ్చింది. ఓయివ అనే పెద్దాయన తన ట్రాక్టరుతో వచ్చి గడ్డి కోసిపెట్టాడు. కోతలు కొయ్యడం తెలియని మనిషి, కోత మాత్రం తెలుసు. రోజు మొత్తానికి ఇరవై మాటలు మాట్లాడితే అందులో పది "నో" అనేవే. నో అంటే ఇక్కడ వద్దని కాదు. సరే, చూద్దాం, ఇంకేంటి, వెళ్ళొస్తా, అన్నిటికీ అదే మాట.

"నో," అన్నాడు ఓయివ ఆకాశం చూస్తూ. "ఆదివారం సాయంత్రానికి వాన. శనివారం తల్కోత్ పెట్టుకో బాబూ."

తల్కోత్ అంటే ఊళ్ళోవాళ్ళంతా తరలివచ్చి ఒకరి పని చేసిపెట్టడం. తలకింత అని లెక్క ఉండదు, అందరూ తలో చెయ్యీ వెయ్యడమే. పసి చంకలు గుద్దుకున్నాడు. ఆ రోజంతా కూర్చుని టైంటేబులు తయారుచేశాడు. పసి ఆఫీసుని వదిలాడు గానీ ఆఫీసు పసిని వదల్లేదు.

శనివారం తొమ్మిదింటికి తొమ్మిది మంది గడ్డి లాగే దంతెలు ఎవరివి వాళ్ళు భుజాన వేసుకుని వచ్చారు. పసి అందరికీ తలో కాగితం పంచాడు. తూర్పు భాగం ఎవరు, పడమర భాగం ఎవరు, విరామం ఎప్పుడు, చివర సంతకం ఎక్కడ. ఓయివ తన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు, సౌనా పొయ్యి అంటించడానికి పనికొస్తుందని. తరవాత అందరూ చేలోకి దిగి, గంటలో పసి నాలుగు రోజుల్లో చెయ్యలేని పని చేసేశారు.

పది ఇరవైకి విరామం. తొమ్మిది తలకాయలూ ఒక్కసారే ఇంటివైపు తిరిగాయి.

వెన్లా నవ్వుతూ పళ్ళెం పట్టుకొచ్చింది.

"ఇదేంటమ్మా?" అని అడిగింది టపా బండి నడిపే రీత్వా, కప్పులోకి తొంగిచూసి.

"డాండెలైన్ మొక్క వేళ్ళ కషాయమండీ. లివరు శుభ్రం చేస్తుంది."

"నా లివరుకేమైంది, బాగానే ఉందిగా? సరేలే, దీని తరవాత ఏంటి?"

"క్యారెట్లు! పంచదార లేదు, బన్నులు లేవు. పళ్ళకి ఎంత మంచిదో!"

ఎవరూ పళ్ళు కనిపించనివ్వలేదు. ఓయివ కప్పు అడుగుదాకా చూశాడు. ఇంటి పొగగొట్టం చూశాడు. వసారా మీద ఎర్రగా నవ్వుతున్న జెరేనియాన్ని చూశాడు. 

"నో," అన్నాడు.

ఆ తరవాత ఒక్కొక్కరికీ ఒక్కొక్కటి గుర్తొచ్చింది. రీత్వాకి కోళ్ళు గుర్తొచ్చాయి. ఒకాయనకి పడవకి తారు పుయ్యాలని గుర్తొచ్చింది. ఇద్దరు అన్నదమ్ములకి ఒకే అత్తగారు గుర్తొచ్చింది. ఓయివ ట్రాక్టరెక్కి, "ఇంటి దగ్గర పన్ను చల్లారిపోతోంది," అని చెప్పి ట్రాక్టరుతోపాటు ట్రాలీ కూడా తీసుకుపోయాడు.

"పాపం, కాఫీ చల్లారితే బాగుండదు. తాగేసి వస్తాడులే," అన్నాడు పసి. పేరులోనే పసి ఉన్నా ఏమీ పసిగట్టలేదు.

మధ్యాహ్నానికి చేలో మిగిలింది మొగుడూ పెళ్ళాలు, ఒక గిన్నెడు క్యారెట్లు. తల్కోత్ కాస్తా తలకోత అయింది.

"నీ టైంటేబులు చూసే పారిపోయారు," అంది వెన్లా. "సంతకాలు పెట్టమంటావా? గడ్డి ఎత్తడానికి వచ్చారా, రిటర్నులు దాఖలు చెయ్యడానికొచ్చారా?"

"నా టైంటేబుల్లో తప్పేం లేదు. పది ఇరవైకి విరామమని రాశాను, పది ఇరవైకే ఆపారు."

"ఆపి?"

"ఆపి వెళ్ళిపోయారు. అది నేను రాయలేదు."

వెన్లా నవ్వలేదు. కంచె దగ్గర నిలబడ్డ ఆవు వైపు చూస్తూ, "ఐలా దాన్ని తీసుకుపోతుంది పసీ," అంది. పసి సైకిలెక్కి ఐలా ఇంటికి బయల్దేరాడు.

ఐలా తలుపు తీసింది, కుర్చీ చూపించింది, అడక్కుండానే కప్పు నింపింది.

"వద్దండీ. మానేశాం."

"అయ్యో. ఏం జబ్బు?"

"జబ్బు తగ్గిపోయింది. మళ్ళీ రాకూడదనే."

"చూడు నాయనా, ఈ బల్ల దగ్గర పాస్టరుగారొచ్చినా తాగారు, పన్నులవాళ్ళొచ్చినా తాగారు."

"నేనూ పన్నులవాణ్ణే కదండీ."

"అందుకే పోశాను. తాగు."

పసి తాగాడు. ఏడాది రెండు నెలల తరవాత మొదటి గుక్క. కళ్ళు వాటంతటవే మూసుకున్నాయి. ఏలకులు వేసిన బన్ను కూడా ముందుకి జరిగింది. రెండో కప్పు, రెండో బన్ను. అప్పుడు మొదలుపెట్టింది ఐలా. ఆవుకి పెట్టాల్సిన గడ్డంతా పసికి పెట్టింది.

"నలభై ఏళ్ళు ఈ ఊరు ఆ పన్నులోనే తాగింది. హిల్యా బతికుండగా అది పొయ్యి దిగడం నేను చూళ్ళేదు. ఒక్కసారి దిగింది. మా ఆయన పోయిన రోజు వేడివేడిగా రెండు చేతుల్లో పట్టుకుని అడవి దాటి మా ఇంటికి తెచ్చింది. మీరేమో దాన్లో మొక్క పెట్టి రోడ్డుమీదికి నిలబెట్టారు. అటుగా పోయినప్పుడల్లా హిల్యా సమాధిని చూసినట్టే ఉంటుంది మాకు."

పసి చేతిలో బన్ను ఆగిపోయింది.

"ఒక్కరైనా చెప్పొచ్చు కదండీ!"

"ఏమని చెప్పమంటావ్? కాఫీ పొయ్యండి బాబూ అని అడుక్కోమంటావా? ఓయివ చెప్పే ఉంటాడే, పన్ను చల్లారిందని?"

"వాళ్ళింట్లో చల్లారిందనుకున్నాను."

ఐలా అతని కప్పు మూడోసారి నింపింది. "పట్నంలో నిన్ను లెక్కలకి పెట్టుకున్నారు కదూ? మంచిపని చేశారు. మాటలకి పెట్టుకోలేదు."

"అందరికీ ఫోన్లు చేసి క్షమాపణ అడుగుతాను."

"అంత పని చెయ్యకు, ఊరొదిలి పారిపోతారు. పన్ను పొయ్యి మీద పెట్టు. చేలోకి పో. గడ్డి పోగుచెయ్యి. నోరు మాత్రం తెరవకు." కాఫీ పొడి పొట్లం ఒకటి తెచ్చి అతని చొక్కాలో దోపింది. "కప్పు కిందికి గడ్డి చేరాలంటే కప్పులో కాఫీ ఉండాలి నాయనా. సోమవారం పొద్దున్న తాడు పట్టుకుని వస్తా. కొట్టం ఖాళీగా ఉంటే ఆవు నాది."

ఇంటికి రాగానే వెన్లా ఎదురొచ్చింది. రెండడుగుల దూరంలో ఆగింది. ముక్కుపుటాలు అదిరాయి.

"నోరు తెరువు."

"అది కాదు వెన్లా—"

"పెద్దగా. ఎన్ని కప్పులు?"

"ఆఁ... మూఁడు."

"బన్ను?"

"రెండు."

పన్నుకి బన్ను సాక్ష్యం చెప్పింది. ఇక దాచేదేముంది? పసి అంతా చెప్పేశాడు. ఓయివ మాట, హిల్యా పన్ను, ఐలా మొగుడు పోయిన రోజు. వెన్లా పోట్లాడుతుందనుకున్నాడు. ఆవిడ మెల్లగా వెళ్ళి వసారా మెట్టు మీద కూర్చుంది.

"దానికి చిల్లి పెట్టింది నేనే పసీ."

"పోనీలే, కొత్తది కొందాం."

"కొత్తదాన్లో ఎవరు తాగుతారు?" అంది. ఆ పన్ను వంక చూసింది. చటుక్కున లేచింది. "నా సంచి తీసుకురా. లైటు కూడా."

జెరేనియాన్ని పెళ్ళగించి, చేతికందిన పసి ఎడమకాలి రబ్బరు బూటులో నాటేసింది. పన్నుని కడిగి, తోమి, వంటింటి బల్ల మీద బోర్లా పడుకోబెట్టింది. మాస్కు కట్టుకుంది. చిల్లి చుట్టూ తుప్పు తొలిచింది, దూదితో తుడిచింది, పళ్ళలోకి కూరే సిమెంటు కలిపి పొరలు పొరలుగా నింపింది. పసి దీపం పట్టుకుని నిలబడ్డాడు.

"పేషెంటుని కదలనివ్వకు."

"నొప్పేస్తుందేమో, మత్తిచ్చావా?"

"నీకిస్తా. నోర్ముయ్."

నీళ్ళు పోసి చూశారు. ఒక్క చుక్క కారలేదు. పదిహేనేళ్ళలో వెన్లా ఎన్నో పళ్ళు నింపింది గానీ, ఒక పన్నుని చూసి ముద్దుపెట్టుకోవడం ఇదే మొదటిసారి. అలవాటు కొద్దీ దానికి చెప్పింది కూడా: "రెండు గంటలు ఏమీ తినకూడదు."

ఆదివారం పొద్దున పొయ్యి రాజేసి పన్ను ఎక్కించారు. వంటింటి కిటికీ తెరిచారు. పసి ఒక కాలికి బూటు, ఒక కాలికి చెప్పు వేసుకుని చేలోకి దిగాడు. పడమట మబ్బు పేరుకుంటోంది. తొమ్మిదిన్నరకి ఓయివ ట్రాక్టరు వచ్చింది. ఇంటి ముందు నెమ్మదించింది. ఓయివ పొగగొట్టం చూశాడు. కటకటాల మీద బూటులోంచి తొంగిచూస్తున్న జెరేనియాన్ని చూశాడు. పసి కాళ్ళు చూశాడు. ట్రాక్టరు ముందుకి సాగిపోయింది.

పసికి నోరు తెరిచి అరవాలనిపించింది. ఐలా మాట గుర్తొచ్చి పళ్ళు బిగబట్టాడు. గడ్డి కరుచుకుని ఏడవడమొక్కటే తక్కువ. తల దించుకుని దంతెతో లాగుతూనే ఉన్నాడు.

పావుగంటకి మలుపు దగ్గర మళ్ళీ చప్పుడు. ఈసారి వెనక ట్రాలీ ఉంది. ట్రాలీలో రీత్వా ఉంది, పడవాయన ఉన్నాడు, నిన్నటి మిగతావాళ్ళున్నారు, అన్నదమ్ములున్నారు. వాళ్ళ అత్తగారు కూడా ఉంది.

"నో," అన్నాడు ఓయివ. "పన్ను వేడిగా ఉందా?"

"ఉంది."

"కాగితాలేమైనా ఉన్నాయా?"

"లేవు."

ఓయివ దిగాడు.

ఆ రోజు మూడుసార్లు పన్ను నిండింది, మూడుసార్లు ఖాళీ అయింది. వెన్లా ఎదుట పది నోళ్ళు తెరుచుకుని నవ్వుతుంటే అన్నీ గోధుమరంగు పళ్ళే. ఆవిడ ఆకాశం వైపు చూస్తూ కప్పులు నింపింది. మూడోసారి కాచినప్పుడు అడుగున మిగిలిన అరకప్పుని అటూ ఇటూ చూసి తనే తాగేసింది. పసి చూశాడు. నోరు తెరవమని మాత్రం అనలేదు. ఆఖరి ట్రాలీ కొట్టంలోకి దూరిన పది నిమిషాలకి వాన పడింది.

సోమవారం పొద్దున్నే ఐలా తాడు పట్టుకుని వచ్చింది. కొట్టం తలుపు తీసి, గుప్పెడు గడ్డి లాగి వాసన చూసింది. మన్సిక్కికి పెట్టింది. అది నమిలింది. ఐలా తాడుని కొట్టం మేకుకి తగిలించి, "ఇక్కడే ఉండనీ అమ్మా, మీకే పనికొస్తుంది," అని సరాసరి వంటింట్లోకి నడిచింది.

ముగ్గురూ బల్ల దగ్గర కూర్చున్నారో లేదో వాకిట్లో ట్రాక్టరు ఆగింది. ఓయివ లోపలికొచ్చి టోపీ తీశాడు. చంకలో మసిపట్టిన పాత పన్ను ఒకటుంది. దాని అడుగునుంచి గుమ్మం దాకా చుక్కలు చుక్కలుగా కాఫీ దారి. వెనకాల రీత్వా చేతిలో ఇంకొకటి.

"నో," అన్నాడు ఓయివ సిగ్గుపడుతూ. "దీనికి పుచ్చింది డాక్టరమ్మా."

వెన్లా దాన్ని అందుకుని వెలుతురుకి తిప్పింది. మూత పైకెత్తింది.

"ఆఁ," అంది, "ఇంకొంచెం పెద్దగా."