పెరూ నోటు మీద పెన్సిలు రాత

నేను ఒక పెరూ దేశపు నోటును, పది సోల్‌ల దాన్ని. పేరు పెరూదే గాని నన్ను అచ్చువేసింది ఇంగ్లండులో. ముందువైపు ఓ పెద్దమనిషి, వెనకవైపు సరస్సులో పడవలు. చాలా ఏళ్లు చెలామణీ అయ్యాక మా దేశంలో డబ్బు పేరే మార్చేశారు. మనుషులంతే, నిన్నటిదాకా నెత్తిన పెట్టుకున్నదాన్ని ఒక్క ప్రకటనతో చిత్తుకాగితం చేసేస్తారు.

అంతకు చాలా ముందే, మా దేశపు కయావో రేవులో, భీమిలి మనిషి సూరాడ ఎల్లాజీ చేతిలో పడ్డాను. సరుకుల ఓడ ఇంజనుగదిలో అతనికి పని. తోటివాళ్లు చేతిలో మిగిలిందంతా తాగేస్తే, అతను పడవబొమ్మ నచ్చి నన్ను తన పెట్టెలో దాచుకున్నాడు. మూల మీద బీడీ నిప్పు రాల్చాడు కూడా. ఓ రోజు నన్ను మడత దుప్పటి మీద పరిచి, వచ్చీరాని అక్షరాలతో, పెన్సిలు గట్టిగా నొక్కి నా వెనక అంచున రాశాడు: "నూకాలూ, ఈ పడవెక్కి వచ్చెత్తాను."

నూకాలు అతని కూతురు. అతను రాలేదు. దారిలో జ్వరం తగిలి పోయాడు. పెట్టె మాత్రం ఇల్లు చేరింది. ఆ పిల్ల నన్ను దిండు కింద పెట్టుకుని పడుకునేది. నా బతుకులో తోడంటూ ఉన్నది ఆ కొన్నాళ్లే. ఇల్లు మారేటప్పుడు నేను లోపలున్నానని తెలియక తల్లి పెట్టెతో సహా నన్ను పాతసామాన్లవాడికి ఇచ్చేసింది.

చేతులు మారి మారి విశాఖపట్నంలో జోగారావు మాస్టారి దగ్గరికి చేరాను. దక్షిణ అమెరికా నోట్లు పోగుచేయడమంటే ఆయనకు ప్రాణం. భూతద్దంతో నా నంబరు, సంతకాలు చూశారు. దీపానికి ఎదురుగా పట్టి నాలోంచి చూశారు. ఏ ఏడాది దాన్నో తేల్చి మురిసిపోయారు. వెనక రాత కనపడగానే మొహం చిట్లించారు. రాతలున్న నోటంటే సేకరించేవాళ్లకు చిన్నచూపు. మెత్తటి రబ్బరుతో, పసిపిల్ల మొహం తుడిచినంత జాగ్రత్తగా చెరిపేసి, ప్లాస్టిక్ అరలో పెట్టారు. అటు బొలీవియా, ఇటు చిలీ. పలకరిద్దామంటే మధ్యలో ప్లాస్టిక్.

మొన్న ఓ లైబ్రరీ హాల్లో మాస్టారు తన నోట్లన్నీ ప్రదర్శనకు పెట్టారు. ఒక నడివయసు ఆవిడ నా ముందు ఆగిపోయింది. బీడీ మచ్చ చూసి నన్ను పోల్చుకుంది. నేను ఆ కళ్లు చూసి ఎప్పుడో పోల్చుకున్నాను. ఒక్కసారి చేతికిమ్మని బతిమాలితే మాస్టారే అరలోంచి తీసి ఇచ్చారు.

"ఇక్కడ మా నాన్న రాసేడండి, నా పేరెట్టి," అంది నూకాలు, నన్ను వెనక్కి తిప్పి వెతుకుతూ.

మాస్టారు ఉన్నమాట చెప్పేశారు. "నేనే చెరిపేశానమ్మా. నోటు శుభ్రంగా ఉండాలని."

ఆవిడ తిట్టలేదు. నన్ను తీసుకెళ్లిపొమ్మని ఆయన ఎంత చెప్పినా వినలేదు.

"నాన్నది ఆ రాతొక్కటే ఉండీదండి. అది లేకపోతే ఇది ఉత్త నోటే. మీకాడే ఉండనీండి."

నన్ను బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

రబ్బరు తీసింది పెన్సిలు నలుపునే. ఎల్లాజీ చేతి బరువుకి పడ్డ నొక్కులు నాలో అలాగే ఉన్నాయి. ఆవిడ నిలబడ్డది కిటికీ పక్కన, సాయంకాలపు ఎండలో. నన్ను కాస్త ఏటవాలుగా పట్టుకుని ఉంటే ప్రతి అక్షరం కనిపించేది. ఆ సంగతి చెప్పడానికి నాకు నోరు లేదు.

మాస్టారు ఇప్పుడు రోజూ నన్ను బయటికి తీస్తారు. దీపానికి ఎదురుగా నిటారుగా పట్టి, నాలోంచి చూస్తారు. కళ్లు తుడుచుకుని మళ్లీ అరలో పెట్టేస్తారు. ఒక్కసారి పక్కకి వంచి చూడాలని మాత్రం ఆయనకు తోచదు.