కాలువ గట్టు మీద ట్రైపాడ్

కోదాడ నుంచి మా చిన్నమ్మ కూతురు సౌమ్య నిన్న ఫోన్ చేసింది. చీరల వ్యాపారం మొదలుపెట్టి, వాటి వీడియోలు తీసి పెడుతోందట. "అక్కా, మీ దగ్గరున్న ట్రైపాడ్ లాంటిదే ఆన్‌లైన్లో చవగ్గా వస్తోంది. కొనొచ్చంటావా? బావ ఫొటోగ్రాఫర్ కదా, అడిగి చెప్పు" అంది. బావను అడిగేదేంది, నేనే చెప్తా అన్నాను. అన్నానే గాని, మళ్లీ చేస్తానని పెట్టేశాను. ఆ వస్తువు పేరెత్తితే చాలు, ఇప్పటికీ నా అరచేతులకు చెమటలు పడతాయి.

మా ఆయన సాయికిరణ్‌కు సూర్యాపేటలో చిన్న స్టూడియో ఉంది. మా మామ నర్సయ్య మోతెలో గొర్రెలు కాస్తాడు. కొడుకు ముచ్చట తీర్చడానికి మందలో సగం అమ్మి పెద్ద కెమెరా కొనిచ్చాడు. దాన్ని ఈయన చంటిపిల్లలా చూసుకునేవాడు. మరి అంత అపురూపమైన దాన్ని నిలబెట్టడానికి ఏం తెచ్చాడు? పుల్లల్లాంటి మూడు కాళ్లతో ఈ స్టాండు. అన్నీ ప్లాస్టిక్ క్లిప్పులే. కాలు పొడుగు చేసి క్లిప్పు నొక్కితే కాసేపు ఆగుతుంది. గట్టిగా గుంజితే చేతికి ఊడొస్తుంది.

"గిదేం స్టాండు? ఈదురుగాలొస్తే కూలవడుతది" అన్నాను.

"నీకేం తెల్వది పూర్ణిమా. ఎంత బరువైనా ఆపుతది. జర నమ్ము" అన్నాడు.

నమ్మాను. కట్టుకున్నందుకు నమ్మక చస్తానా!

పోయిన వానాకాలం ఒక జంటకు పెళ్లికి ముందు తీసే వీడియో ఒప్పుకున్నాడు. అబ్బాయి నవీన్‌ది కోదాడ, అమ్మాయి లహరిది మిర్యాలగూడ. అమ్మాయి కుచ్చిళ్లు సర్దడానికి, జడ చూడ్డానికి నేనూ వెళ్లాను. మిర్యాలగూడ దాటాక సాగర్ ఎడమ కాలువ గట్టు మీద పొద్దున్నే దిగాం. నీళ్లు నిండుగా పోతున్నాయి. అటూ ఇటూ సిమెంటు ఏటవాలు, నీళ్లు తడిపినంత మేరా పచ్చటి పాచి. మా పుట్టిల్లు పెద్దవూర. ఆ కాలువ పక్కనే పెరిగాను. జారినవాడు పైకి పాకలేడు, పాకిన కొద్దీ కిందికే పోతాడు. ఈయనకేమో ఈత రాదు.

ఈయన స్టాండు తీసుకెళ్లి ఆ అంచునే పెట్టాడు. ఒక కాలు ఏటవాలు మీదికే చాపాడు.

"అంత కొసకెందుకు? వెనక్కి జరుపు" అన్నాను.

"నీళ్లు కనవడాలె. నువ్వు ఊకె పరేషాన్ చెయ్యకు."

నవీన్, లహరి చేతులు పట్టుకుని నడిచొస్తున్నారు. అప్పుడే ధాన్యం లారీ ఒకటి గట్టు అదిరేలా మా పక్క నుంచి పోయింది. దాని గాలికి స్టాండు ఊగింది. ఏటవాలు మీదున్న కాలు క్లిప్పు పట్టు తప్పి లోపలికి ముడుచుకుపోయింది. కెమెరా నీళ్లవైపు ఒరిగింది.

"పోనీ!" అని అరిచాను. నా మాట ఆయన చెవికెక్కలేదు. ఒక్క ఉరుకులో స్టాండును అందుకున్నాడు. కెమెరా బిగించిన ప్లాస్టిక్ ముక్క పటుక్కుమని విరిగింది. స్టాండు గట్టునే పడిపోయింది, కెమెరా జారింది. దాని బెల్టు పట్టుకోబోయి ఈయన పాచి మీద కాలేశాడు. అంతే. నా కళ్లముందే నడుములోతు, మెడలోతు, ఇగ తల కూడా లేదు.

నాకు పైప్రాణాలు పైనే పోయాయి. తల మళ్లీ తేలింది, అప్పటికే కొంచెం కిందికి కొట్టుకుపోయాడు. ఒక చెయ్యి సిమెంటును గీరుతోంది. రెండో చెయ్యి పైకెత్తి ఉంది. ఆ చేతిలో ఏముందనుకున్నారు? కెమెరా!

స్టాండు తీసుకుని గట్టు వెంట ఉరికాను. "వామ్మో, ఏమైందండీ!" అంటూ నవీన్ పరుగెత్తుకొచ్చి నా ఎడమ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. అతణ్ణి లహరి పట్టుకుంది. నేను పొడిసిమెంటు మీద చతికిలబడి స్టాండు కాలు పొడుగంతా లాగి అందించాను. ఆయన ఖాళీ చేత్తో దాని కొస పట్టుకున్నాడు.

"లాగండి అక్కా, లాగండి!" అన్నాడు నవీన్.

లాగబోయాను. క్లిప్పు కిర్రుమంది. కాలి కింది ముక్క పైగొట్టంలోంచి ఇంత పొడుగు బయటికి జారింది. ఇంకొంచెం లాగితే ఆ ముక్కతోపాటే ఆయనా పోతాడు. బరువు ఆపుతుందన్నాడే, ఇదిగో ఆయన బరువు!

అప్పుడే మా నాయన గుర్తొచ్చాడు. ఒకసారి మా గొర్రె ఇట్లాగే కాలువలో జారితే నాయన దాన్ని పైకి గుంజలేదు. చెవి పట్టుకుని, నీళ్లతోపాటే గట్టు మీద నడిచాడు. కింద పశువులు దిగే రేవు వచ్చేదాకా నడిపించి, అక్కడ ఎక్కించాడు.

"గుంజకు నవీన్, నడువు! కింద రేవు ఉంటది, అందాక నడువు!"

నడిచాం. వంగి వంగి, నీళ్ల వేగంతో నడిచాం. నా కళ్లు ఆ క్లిప్పు మీదే ఉన్నాయి. అడుగడుక్కీ కాలు కాస్త కాస్త ఊడొస్తోంది. ఆయన నీళ్లు మింగుతున్నాడు, దగ్గుతున్నాడు. కెమెరా పట్టుకున్న చెయ్యి మాత్రం దించడం లేదు. దూరంగా రేవు కనబడింది. బర్రెలు నిలబడి ఉన్నాయి. అంతదాకా కాలు ఆగదని నాకు తెలిసిపోయింది.

"సాయీ, అది ఊడొస్తుంది! రెండు చేతులతోని పైగొట్టం పట్టుకో! కెమెరా ఇడువు!"

"నాయన గొర్లమ్మి..." అన్నాడు. నోట్లోకి నీళ్లు పోయాయి.

నాకు భయమంతా కోపమైంది. "గొర్లు కాదు, నువ్వు! నువ్వు కావాలె నాకు! ఇడువురా!" అని అరిచాను. పెళ్లయ్యాక ఆయన్ను రా అనడం అదే మొదలు.

ఆయన నా మొహంలోకి చూశాడు. చెయ్యి విప్పాడు. కెమెరా బుడుంగున మునిగింది. రెండు చేతులా పైగొట్టం అందుకున్నాడో లేదో, కింది ముక్క ఊడి నీళ్లలో కొట్టుకుపోయింది. ఇంకాస్త నడిచాక ఆయన పాదాలు రేవు రాళ్లకు తగిలాయి. బర్రెల మధ్య బోర్లా పడిపోయాడు. నేను ఆయన వీపు మీద పడి ఏడ్చాను, ఏడుస్తూనే కొట్టాను.

సాయంత్రానికి మా మామ మోతె నుంచి వచ్చాడు. ఈయన తలెత్తలేదు. మామ కొడుకు చేతులు పట్టుకుని, గోళ్లు లేచిపోయిన వేళ్లను ఒక్కొక్కటే చూశాడు. "గొర్లు మళ్ల ఈనుతయిరా" అన్నాడు. తర్వాత బయటికెళ్లి మెట్ల మీద కూర్చుని, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

ఆ స్టాండు రెండున్నర కాళ్లతో స్టూడియో మూలకు ఆనించి ఉంది. దాన్ని తిట్టాలో దండం పెట్టాలో నాకింకా తెలియదు. పారేయబుద్ధి కాదు, ముట్టుకోబుద్ధీ కాదు.

ఈ పొద్దు సౌమ్యకు నేనే చేశాను.

"కొనుక్కోవే. ఇంట్ల గచ్చు మీద ఫోన్ పెట్టనీకైతే సాలు. పెద్ద కెమెరాకు పనికిరాదు. గని ఒక్కటి యాదుంచుకో. అది పడేటప్పుడు ఉరకకు. పడనియ్యి."

"భలేదానివి అక్కా, నా కొత్త ఫోన్ పగిలిపోద్ది కదా!" అని నవ్వింది.

"పోతే పోనియ్యవే!" అని అరిచాను.

అవతల సౌమ్య నవ్వు ఆగిపోయింది. పక్క గదిలో సాయికిరణ్ పని చేసుకుంటున్న చప్పుడు కూడా ఆగిపోయింది.