తాయేసిస్ బుట్ట

తాయేసిస్ పసిపిల్లల్ని వండుకు తింటుందని పప్పులమ్మే హెరాయిస్ కాలువ రేవులో చెప్పిందట. "నా కళ్ళారా చూశానమ్మా! పొద్దున బుట్టలో బిడ్డ లోపలికి పోద్ది. సాయంత్రం అదే బుట్టలో ఉతికిన బట్టలు బయటికొస్తాయి. మరి బిడ్డేదీ? క్రీస్తోళ్ళు అంతేనంట!"

ఆ మాట చెవినపడ్డ మర్నాడు కూడా తాయేసిస్ బుట్ట చంకన పెట్టుకుని అర్సినోయే ఊరి బయట పెంటకుప్ప ఎక్కింది. ఉన్నిబట్టలు తెల్లబడేందుకు నిలవ మూత్రం తొట్టిలో ఏళ్ళ తరబడి తొక్కిన కాళ్ళవి. మడమలు బీటలు వారాయి. వేళ్ళ చర్మం సున్నం కొట్టినట్టుంది. ఆయాసం వచ్చి, గుండె పట్టుకుని మధ్యలో నిలబడింది.

బూడిదలో ఆడపిల్ల. బొడ్డు ఇంకా తడారలేదు. అవతలి పక్కనుంచి బానిసల వ్యాపారి సెరాస్ వస్తున్నాడు. కన్నవాళ్ళు వద్దని కుప్ప మీద పారేసిన బిడ్డ ముందు ఎత్తుకున్నవాళ్ళ సొత్తు. పెంచి సంతలో అమ్ముకోవచ్చు. ఊరి రివాజు అది. తాయేసిస్ నొప్పి మరిచి పరుగెత్తింది. బూడిదలో బోర్లాపడి, రెండు చేతులా బిడ్డను పైకెత్తింది.

సెరాస్‌కు ఒళ్ళు మండింది. "గుడి లేదు, బొమ్మ లేదు, బలి లేదు. ఏం మతమే ముసలీ మీది?"

"బిడ్డల్ని పారెయ్యం, అమ్ముకోం. జరుగు."

పగలంతా తొట్టిలో తొక్కుతూనే, గట్టున బుట్టలో ఉన్ని పరిచి పడుకోబెట్టిన బిడ్డకు గుడ్డ తడిపి మేకపాలు చీకించింది. సాయంత్రం సెరాస్ కంట పడకుండా పైన బట్టలు కప్పి, బుట్ట నెత్తికెత్తుకుని, దూరపు వీధిలో తమ సంఘపు బాలింత ఇంటికి చేర్చింది. ఇన్నేళ్ళుగా ఒక్కో బిడ్డనూ ఒక్కో ఇంటికి అలాగే చేర్చింది. బిడ్డ గుటకలు వేస్తుంటే గుమ్మంలో నిలబడి తనివితీరా విన్నది. ఖాళీ బుట్టతో ఇంటికొచ్చి గోడకు జేరబడింది.

తెల్లారినా అలాగే ఉంది. ముఖాన నిన్నటి బూడిద చార.

పాడె లేచేసరికి వీధి చాల్లేదు. పడవవాళ్ళు, కుమ్మరులు, చంకబిడ్డల తల్లులు. ఎవరి సాయమూ లేని చాకలిదానికి ఇంత జనమేమిటని హెరాయిస్ బుగ్గలు నొక్కుకుంది. "తిన్న పిల్లల ఉసురు ఊరికే పోద్దా!" అంది గట్టిగా.

పాడె ముందుకొమ్ము మోస్తున్న పడవవాడు పమూన్ ఆగాడు.

"తిన్నది మమ్మల్నే అత్తా. తప్పుకో, మా అమ్మ వెళ్ళాలి."

హెరాయిస్ తప్పుకుంది. తాయేసిస్ ఇంటి తెరిచిన తలుపు పక్కన ఈతాకు బుట్ట ఉంది. లోపలి ఉన్నిలో, పసిది పడుకున్న గుంట ఇంకా పూడలేదు.