మేనేజరు కాళ్ల దగ్గరి హీటరు

అమెరికాలో లకోటా తెగవాళ్ల క్వార్టర్లలో గదులు వెచ్చబెట్టే పైపులు చలికాలమంతా చచ్చే పడున్నాయి. తన పక్కింటి ఐరిన్‌కి మాత్రం మేనేజరు డెల్మర్ కరెంటు హీటరు ఇచ్చాడని తెలిసి వెర్లీన్‌కి కడుపు మండిపోయింది.

మెచ్చుకున్న వస్తువును మెచ్చినవాళ్లకే ఇచ్చేయడం లకోటా మర్యాద. అందుకే వెర్లీన్ వెళ్లి, "అబ్బ, హీటరు ఎంత బాగుంది వదినా!" అంది.

ఐరిన్ నవ్వుతూ దాన్ని చేతిలో పెట్టింది. "తీసుకుపో తల్లీ, నీ కళ్లు చల్లబడతాయి."

ఇంట్లో పెడితే అది చల్లగాలి కొట్టింది.

మర్నాడు ఆఫీసు నిండా ఫిర్యాదులతో వచ్చిన ముసలాళ్లే. డెల్మర్ కాళ్ల దగ్గర ఓ హీటరు ఎర్రగా కాగుతోంది. డెల్మర్ కూడా లకోటావాడే.

"తమ్ముడూ," అంది వెర్లీన్ అందరికీ వినపడేలా, "నీ హీటరు ఎంత బాగుందిరా!"

ముసలాళ్లంతా డెల్మర్ చేతులకేసి చూశారు.