కుట్ల మీది బనీను

నేను ఒక బనీనుని. పండక్కి డజన్ల లెక్కన కొనుక్కునే తెల్ల బనీనుని కాదు నాయనా. దళసరి సాగుడు గుడ్డ, మెడ కింద నుంచి బొడ్డు దాకా రెండు వరసల హుక్కులు, తొడుక్కున్నవాడికి ఊపిరి సగమే ఆడుతుందేమో అనిపించేంత బిగువు. ఛాతీకి ఆపరేషన్ అయిన మగవాళ్ళకి డాక్టర్లు తొడిగే బనీనుని. అలాంటిదొకటి ఉందని నీకు తెలియకపోతే నీ తప్పేం లేదు. నన్ను వేసుకున్నవాళ్ళు నా గురించి ఎవరికీ చెప్పరు.

నన్ను కుట్టింది తిరుప్పూరులో, ఒక రేకుల షెడ్డులో. అక్కణ్ణుంచి లారీ ఎక్కి కాకినాడలో ఒక సర్జికల్ షాపుకి వచ్చాను. నడుం బెల్టులకీ చంకకర్రలకీ మధ్య ఎనిమిది నెలలు వేలాడాను. ఎంతమంది నడుములు పట్టుకుని వచ్చారో, ఎంతమంది కుంటుతూ వచ్చారో చెప్పమంటే ఇవాళ సాయంత్రం దాకా చెప్తాను. నన్ను అడిగినవాళ్ళు మాత్రం లేరు.

ఒకరోజు మంగాయమ్మ అని ఒకావిడ వచ్చి, అటూ ఇటూ చూసి, డాక్టరు రాసిచ్చిన చీటీ ముందుకి జరిపింది. "మా అబ్బాయికండి" అంది, మెల్లిగా. షాపతను నా పేరైనా పలక్కుండా నల్ల కవర్లో పెట్టి ఇచ్చాడు. దగ్గు మందుకి లేని దాపరికం నాకెందుకో ఆ రోజు అర్థం కాలేదు.

ఆ అబ్బాయి లోవరాజు. ఇరవై నాలుగేళ్ళు, సామర్లకోటలో మోటార్లకి వైండింగు చేస్తాడు. పద్నాలుగో ఏట నుంచీ ఛాతీ ఆడపిల్లకి పెరిగినట్టు పెరిగింది. కాలవలో ఈడు పిల్లలంతా ఒంటి మీద నూలుపోగు లేకుండా దూకుతుంటే, ఇతను చొక్కా బొత్తాలన్నీ పెట్టుకుని దూకేవాడట. అది కరుగుతుందనే ఆశతో గంగరాజు మాస్టారి జిమ్ములో చేరాడు. "ఇంకో నాలుగు ఎత్తరా, కరిగిపోద్ది" అనేవాడు మాస్టారు. నాలుగేళ్ళు ఎత్తాడు. కింద కండ పెరిగింది, పైనున్నది దాని మీదెక్కి ఇంకాస్త ముందుకొచ్చింది. చివరికి కాకినాడ డాక్టరమ్మ చెప్పింది, అది కొవ్వు కాదు, గ్రంథి, బరువులెత్తితే కరగదు, తియ్యాల్సిందే అని. తీసేసింది. ఆ కుట్ల మీదకి నేనొచ్చాను.

డాక్టరమ్మ జాగ్రత్తలు నా ముందే చెప్పింది. రెండో రోజు నుంచీ నడవొచ్చు. మూడు వారాలయ్యాక కాళ్ళ కసరత్తు చేసుకోవచ్చు. ఛాతీకి బరువు మాత్రం ఆరు వారాలు దాటి, తను చూసి సరేనన్నాకే.

లోవరాజు బుద్ధిగా విన్నాడు. విని, జిమ్ములో అందరికీ ఇరవై నాలుగు గంటల కడుపునొప్పికి, అదే అపెండిక్స్‌కి, ఆపరేషన్ అయిందని చెప్పాడు. మంగాయమ్మ చుట్టాలకీ అదే చెప్పింది. కడుపు అంటే ఎవరూ ఛాతీ చూపించమనరు కదా అని తల్లీకొడుకులు నిశ్చింతగా ఉన్నారు.

నాలుగో వారం నా మీద వదులు చొక్కా వేసుకుని జిమ్ముకి వెళ్ళాడు. కాళ్ళ మిషను మీద కూర్చున్నాడో లేదో మాస్టారు వచ్చేశాడు.

"ఒరే, దిగు. కడుపు కోసినోడివి కాళ్ళకి చేస్తావేంట్రా. కుట్లూడిపోతాయి."

"పర్లేదండి మాస్టారు. డాక్టరమ్మ చెయ్యొచ్చందండి."

"ఆవిడెప్పుడైనా ఎత్తిందేంట్రా? ఛాతీకేమైంది నీకు, శుభ్రంగా ఉంది. పోయి బెంచీ మీద పడుకుని రాడ్డెత్తు. నలభై కిలోలు నీకో బరువా."

మాస్టారిది ప్రేమే నాయనా. తప్పు దారిలో వచ్చిన ప్రేమ. ఇక్కడ ఒక్క మాట చెప్తే సరిపోయేది. ఆ మాట గొంతు దాకా వచ్చి ఆగిపోవడం నాకు తెలిసింది, గొంతు కింద ఉన్నది నేనే కదా. లోవరాజు వెళ్ళి పడుకున్నాడు.

మొదటిసారి రాడ్డు ఛాతీ మీదికి దిగినప్పుడు చర్మం చుర్రుమని లాగింది. రెండోసారి ఎడమ చంక పక్కన లోపలేదో పుటుక్కుమంది. వెచ్చగా తడి తగిలింది. పట్టుకోగలిగినంత పట్టుకున్నాను. నేను గుడ్డని, నాకెంత బలం ఉంటుంది.

"కానీ, కానీ, మూడోది" అంటున్నాడు మాస్టారు తల దగ్గర నిలబడి.

"మాస్టారూ, రాడ్డు తీసుకోండి" అన్నాడు లోవరాజు.

మాస్టారు అందుకున్నాడు. లోవరాజు లేచి కూర్చుని చొక్కా బొత్తాలు ఒక్కొక్కటీ విప్పాడు. ఎడమ పక్క నా మీద రూపాయి బిళ్ళంత ఎర్రటి మరక.

"నాది కడుపు కాదండి. ఇదండి."

పక్క బెంచీ మీదున్నతను నవ్వాడు. "ఏరా లోవా, మీ అక్కదా ఆ బనీను?"

"నోర్మూసుకుని నీది నువ్వు ఎత్తుకో" అన్నాడు మాస్టారు అటు తిరక్కుండానే. నన్నూ మరకనీ కాసేపు చూశాడు. "నాలుగేళ్ళ బట్టీ నువ్వు ఎత్తింది దీనికోసమా?"

"అవునండి."

"నేను కరిగిపోద్దన్నాను."

"అన్నారండి."

మాస్టారు లోవరాజుని లేపి బయటికి నడిపించాడు. మోటారుసైకిలు తీసి, కాకినాడ దాకా గతుకు గతుకుకీ నెమ్మది చేస్తూ తీసుకెళ్ళాడు.

డాక్టరమ్మ సూదితో కొంచెం రక్తపు నీరు తీసింది. పెద్ద ప్రమాదం లేదంది. ఇంకో రోజు ఆగి ఉంటే మళ్ళీ కొయ్యాల్సొచ్చేదని కూడా అంది. కాళ్ళ కసరత్తు వారం ఆగి, ఛాతీకి ఎనిమిది వారాలు దాటాక, అదీ ముందు తను చూడాలి. మొదట ఖాళీ రాడ్డు, ఆపైన వారానికి కాస్త కాస్త. లాగినా, వాచినా, వేడిగా అనిపించినా అక్కడితో ఆపెయ్యాలి. మాస్టారు ఒక్కొక్క మాటకీ ఒక వేలు మడుచుకుంటూ విన్నాడు.

"మరి పాత బరువుకి ఎప్పటికొస్తాడండి?"

"మూడు నెలలు అనుకోండి. తొందర ఎవరికి, మీకా, అతనికా?"

మాస్టారు మడిచిన వేళ్ళు మళ్ళీ మొదటి నుంచీ లెక్కపెట్టుకున్నాడు. ఆ తర్వాత లోవరాజు కాళ్ళకి చేస్తున్నంతసేపూ, చెయ్యి భుజం దాటి లేస్తే కుట్లు లాగుతాయేమోనని ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చునేవాడు. తోటివాళ్ళు రెండు రోజులు గుసగుసలాడుకుని మూడో రోజుకి మర్చిపోయారు. లోవరాజు పదేళ్ళు భయపడింది ఆ రెండు రోజులకే.

తొమ్మిదో వారం డాక్టరమ్మ చూసి, ఇక నేను అక్కర్లేదంది. మర్నాడు మొదటిసారి నేను లేకుండా జిమ్ముకి వెళ్ళాడు. నేను ఇంట్లో కుర్చీ మీద ఉన్నాను. అక్కడేం జరిగిందో చూడలేదు కాబట్టి చెప్పలేను. తిరిగొచ్చాక విన్నది మాత్రం చెప్తాను.

"ఏరా, ఎత్తావా?" అంది మంగాయమ్మ, అన్నం పెడుతూ.

"ఖాళీ రాడ్డేనమ్మా. పదిసార్లు."

"నొప్పేమైనా పుట్టిందా?"

"లేదు. బరువే అనిపించలేదు."

"అయితే రేపు పెంచుతావా?"

"వారం కానీ. ముందు డాక్టరమ్మనడగాలి" అని కంచం దగ్గరికి లాక్కున్నాడు.