వెర్నా కారు మడ్‌గార్డులు

మార్చి ముప్పై ఒకటో తేదీలోగా కారు అద్దానికి, బండి కండిషన్లో ఉందనే తనిఖీ స్టిక్కర్ పడకపోతే వెర్నా ఉత్తరాల పని పోతుంది. ఆ కొండ దారుల్లో ఉత్తరాలు పంచేవాళ్లు సొంత కారే తెచ్చుకోవాలి. స్టిక్కర్ గడువు దాటిన కారుకి పోస్టుమాస్టరు సంచి అందించడు.

అక్కడి కార్లకి స్టీరింగ్ ఎడమవైపు, ఉత్తరాల పెట్టెలేమో రోడ్డుకి కుడివైపు. నాలుగేళ్లుగా ఆమె ముందు సీటులో కుడివైపుకు జరిగి కూర్చుని, ఎడమ చేత్తో స్టీరింగ్ తిప్పుతూ, ఎడమ కాలు చాచి బ్రేకు తొక్కుతూ, కుడి కిటికీలోంచి నూట ఎనభై పెట్టెల్లో ఉత్తరాలు వేస్తోంది. మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు ఆ నాలుగు చలికాలాల్లోనూ ముందు చక్రాల మీద, హెడ్‌లైట్లు అమర్చి ఉండే రేకు మడ్‌గార్డులు రెండింటినీ తినేసింది. వేలు పెడితే అవతలికి వచ్చేది. అలాంటి రేకుకి, లప్పంతో పూడ్చినా, స్టిక్కర్ ఇవ్వరు. పాత సామాను దిబ్బల్లో వెతికితే దొరికినవి ఇంతకంటే అధ్వాన్నంగా ఉన్నాయి.

"ఉన్నవాటినే విప్పుకుని రా. ఫైబర్‌తో చేసిపెడతా," అన్నాడు ఎమిల్ మావయ్య.

ఎమిల్ హుదాక్, వెర్నా వాళ్ల అమ్మకి అన్న. గనిలో పని మానేశాక ఇంటి వెనక షెడ్డులో, ఆదివారాలు పావు మైలు కారు పందేలకు వెళ్లే కుర్రాళ్ల కోసం ఫైబర్ బానెట్లు, మడ్‌గార్డులు చేసేవాడు. తేలికైన కారు ముందు పోతుంది కాబట్టి ఆ కుర్రాళ్లకు ఆయన దేవుడు. రోజూ రోడ్డు మీద తిరిగే కారుకి మాత్రం ఆయన ఎప్పుడూ చెయ్యలేదు.

మూడు వారాలు, పని అయిపోగానే వెర్నా షెడ్డుకి వెళ్లి కూర్చుంది. ఆయన చేతుల్నే చూసేది.

ముందు ఆయన తుప్పు చిల్లులన్నీ లప్పంతో పూడ్చి, వేలికొసలతో తడిమి తడిమి నునుపు చేశాడు. ఉప్పు తినేసిన చోట అసలు వంపు ఎలా ఉండేదో ఆయన వేళ్లకి తెలిసినట్టుంది. అచ్చు అంటుకుపోకుండా దాని మీద మైనం రాసి తుడిచాడు; మళ్లీ రాసి తుడిచాడు. అలా ఐదుసార్లు. దాని నుంచి అచ్చు తీశాడు. వెర్నా రోజూ ఉత్తరాలకి తిరగాలి కాబట్టి, పాతవి మళ్లీ కారుకే బిగించారు. అచ్చు లోపల గాజు పోగుల ఫైబర్ చాప పరిచి, జిగురు పూసి, బ్రష్షు కొసతో పొడుస్తూ గాలి బుడగల్ని ఒక్కొక్కటిగా అంచుకి తోలాడు. తెల్లటి చాప జిగురు తాగి, కంటి ముందే గాజులా మారిపోయేది. ఎక్కడైనా తెల్ల మచ్చ మిగిలితే ఆయన ఊరుకునేవాడు కాదు. షెడ్డు చల్లగా ఉంటే జిగురు గట్టిపడదని, కోడిపిల్లలకు వెచ్చగా ఉండడానికి పెట్టే ఎర్ర బల్బులు నాలుగు పైన వేలాడదీశాడు.

"పందెం కుర్రాళ్లకి రెండు పొరలే. నీకు నాలుగు వేస్తున్నా," అన్నాడు.

"నేనంత బరువున్నానా మావయ్యా?"

"నీ బరువు కాదే పిల్లా, నువ్వు రోజూ వెళ్లే ఆ మిల్లర్ వాళ్ల సందులో గుంటల బరువు. చేతులకి పౌడర్ రాసుకున్నావా? అరగదీసేటప్పుడు గాజు పొడి పడితే వారం రోజులు గోక్కుంటావు. వేడినీళ్లతో మాత్రం కడుక్కోకు, ఇంకా లోపలికి దిగుతుంది."

గడువుకి ముందు రోజు శుక్రవారం. ఉపవాస దినాలు కావడంతో చర్చిలో అమ్మే, బంగాళదుంప కూరి ఉడికించిన కజ్జికాయల్లాంటి పిరోగీలు ఒక గిన్నెడు తెచ్చింది వెర్నా. తిని, చేతులు తుడుచుకుని, పాతవి విప్పి, లైట్లు కొత్తవాటికి మార్చి, కొత్త మడ్‌గార్డులు ఎక్కించారు. ఆమె ఒకదాన్ని ఒంటిచేత్తో ఎత్తి పట్టుకుంది. పాతది విప్పేటప్పుడు రెండు చేతులూ చాల్లేదు. బోల్టు నొక్కుకి ఫైబర్ పగలకుండా ఎమిల్ ఒక్కోదాని కింద వెడల్పాటి వాషరు వేశాడు. తలుపుకీ మడ్‌గార్డుకీ మధ్య సందు పైనుంచి కిందిదాకా పెన్సిల్ గీతలా ఒకే మందాన నిలిచేవరకు విప్పాడు, బిగించాడు, మళ్లీ విప్పాడు. బిగించడం పూర్తయ్యాక వెర్నా ఆ సందు మీద గోరు పెట్టి లాగింది. ఎక్కడా తట్టలేదు.

"ఫ్యాక్టరీవాళ్లు కూడా ఇలా పెట్టలేదు మావయ్యా," అంది.

ఎమిల్ చెవులు ఎర్రబడ్డాయి.

మర్నాడు శనివారం పదకొండింటికి హార్లన్ గ్యారేజీకి వెళ్లారు. ఆ చుట్టుపక్కల తనిఖీ చేసే అధికారం అతనొక్కడికే ఉంది. శనివారం పన్నెండు కొట్టగానే తలుపు దించేస్తాడు.

హార్లన్ మడ్‌గార్డు మీద వేళ్లతో కొట్టి చూశాడు. "ఏంటి ఎమిల్, కారుకి స్నానాల తొట్టి తగిలించావా?"

"తొట్టే. నీళ్లు పోసి చూసుకో, చుక్క కారదు."

"కారదులే. ఎండకి కరుగుతుందేమో!"

"నీ బుర్ర కరిగాక అది కరుగుతుంది."

హార్లన్ నవ్వి, బ్రేకులు చూశాడు, టైర్లు చూశాడు, హారన్ కొట్టాడు. హెడ్‌లైట్ల మీట లాగాడు. వెలగలేదు. మళ్లీ లాగాడు.

"లైట్లు లేవమ్మాయ్. లైట్లు లేకుండా స్టిక్కర్ ఇవ్వలేను."

వెర్నా తనే మీట లాగి చూసింది. "గురువారం పొద్దున మంచులో ఇవే లైట్లతో తిరిగాను."

ఎమిల్ ఫ్యూజులు తీసి చూశాడు. బల్బులు మార్చి చూశాడు. "ఇరవై నిమిషాలుంది," అన్నాడు హార్లన్, గోడ గడియారం చూస్తూ. ఈసారి అతని గొంతులో ఎగతాళి లేదు.

వెర్నా మోకాళ్ల మీద కూర్చుని, లైటు వెనక్కి తల దూర్చింది. గురువారం వెలిగినవి శనివారం వెలగలేదంటే మధ్యలో మారింది మడ్‌గార్డులే. లైటు నుంచి రెండు రంగు తీగలు ఇంజను వైపు పోతున్నాయి. మూడోది, నల్లది, జానెడే ఉంది. మడ్‌గార్డుకి ఉన్న బోల్టు దగ్గర ఆగిపోయింది.

"మావయ్యా, ఈ నల్ల తీగ ఇక్కడెందుకు బిగించావు?"

"పాతదాంట్లో అక్కడే ఉంది. అది ఎర్త్. కరెంటు మడ్‌గార్డులోంచే తిరిగి బ్యాటరీకి..." ఎమిల్ మాట అక్కడే ఆగిపోయింది.

"ఇది ఇనుము కాదుగా," అంది వెర్నా మెల్లగా.

ఎమిల్ టోపీ తీసి దాంతోనే తొడ మీద కొట్టుకున్నాడు. "పందెం కార్లకి లైట్లుండవే! బరువని ముందు పీకేసేవి అవే. పదకొండేళ్లుగా చేస్తున్నా, నా మడ్‌గార్డుకి ఒక్క లైటు పెట్టలేదు!"

హార్లన్ నవ్వుతూనే వెళ్లి రెండు మూరల తీగ తెచ్చాడు. వెర్నా ఛాసిస్ ఇనుము మీద రంగు గీకి, మెరుపు తేలాక, నల్ల తీగని అక్కడిదాకా పొడిగించి బోల్టు బిగించింది. అవతలి వైపు ఎమిల్ బిగించాడు. మీట లాగగానే రెండు లైట్లూ గ్యారేజీ గోడ మీద పడ్డాయి.

హార్లన్ పాత స్టిక్కర్ గీకి కొత్తది అంటించాడు. ఆ తర్వాత కారు తలుపుకీ మడ్‌గార్డుకీ మధ్య సందు మీద చాలాసేపు బొటనవేలు ఆడిస్తూ నిలబడ్డాడు. "నా పికప్ బండి మడ్‌గార్డులు చూశావా ఎమిల్? జల్లెడలయ్యాయి," అన్నాడు చివరికి.

"తొట్లు కావాలా నీకు?"

"నాలుగు పొరలవి."

తిరిగి వెళ్లేటప్పుడు మిట్టమధ్యాహ్నం ఎండ. వెర్నా లైట్లు ఆర్పలేదు. ఎదురొచ్చిన కారొకటి పక్కకి జరిగి ఆగింది. ఇంకో మలుపులో ట్రాక్టరు మీది ముసలాయన టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు.

"పగలు లైట్లేస్తే శవయాత్ర అనుకుంటారే. ఆర్పెయ్," అన్నాడు ఎమిల్.

"అనుకోనీ మావయ్యా. మూడు వారాలు పట్టింది అవి వెలగడానికి."

ఎమిల్ కిటికీ అద్దం దించి, ఇంకా టోపీ పట్టుకునే ఉన్న ముసలాయనకి గంభీరంగా చెయ్యి ఊపాడు.