చెంపమీది చుక్కలు

మా ఆయనకు మోకాళ్లున్నాయనడానికి ఇరవై రెండేళ్ల కాపురంలో నాకు ఒక్క సాక్ష్యమూ దొరకలేదు. చర్చిల్లోని పాత పటాలు బాగుచేయడం ఆయన పని. సగం పటాల్లో ఎవరో ఒకరు మోకరిల్లే ఉంటారు. "మోకరించడమంటే అహాన్ని నేలకు దించడమండీ" అని వచ్చినవాళ్లకు చెబుతూండగా కుంచె జారి బల్ల కిందికి పోతుంది. "ఏమేవ్, కాస్త చూడు" అంటారు. దించాల్సిన అహం నాకే ఎక్కువ కాబోలు, నేనే దిగుతాను.

పటాలు తుడిచే పుల్లలకు దూది చుట్టేదీ నేనే. చుడుతూ చూస్తుంటాను. మా ఇంటికొచ్చే పటాల్లో తప్పు ఒప్పుకునేది ఎప్పుడూ ఆడమనిషే, జుట్టు విరబోసుకుని, నేలమీద. వినే ఆయన మాత్రం నలగని బట్టల్లో నిలబడి ఉంటాడు. ఇంతకీ ఆమె చేసిన తప్పేమిటో ఎవరూ గీయరు. అందులో ఇంకెవరికైనా వాటా ఉంటే వాళ్లు చట్రం బయటే ఉండిపోయారు.

పోయిన వారం అలాంటిదే ఒకటి వచ్చింది. ఆమె చెంపమీద రెండు చుక్కలున్నాయి. పాత వార్నిష్ కారి గడ్డకట్టిందనుకుని మా ఆయన ఘాటు మందుతో తుడిచేశారు. తుడిచాక తెలిసింది, అవి కన్నీళ్లని. వెంటనే ఫాదర్‌కు ఫోన్ చేశారు: "మా ఆవిడ గది శుభ్రం చేస్తూ తడిగుడ్డ పెట్టేసిందండీ." నేను పక్కనే కూర్చుని దూది చుడుతున్నాను.

ఇవాళ ఫాదర్ వస్తున్నారు.

"ఒక్క సారీ చెప్పెయ్. నీకేం పోతుంది? నాకైతే పనే పోతుంది," అన్నారు మా ఆయన.

"మొగుడి పేరు నిలబెట్టడానికి ఓ మాట పడితే అరిగిపోతావా అమ్మాయ్?" అన్నారు అత్తగారు.

కూరలో ఉప్పు ఎక్కువైనా, పిల్లకు మార్కులు తగ్గినా, ఆరేసిన బట్టలమీద వాన పడినా సారీ చెప్పినదాన్ని. ఇదొక లెక్కా? పటం దగ్గరికి వెళ్లి చూశాను. కన్నీళ్లు పోయాక ఆమె పశ్చాత్తాపపడుతున్నట్టే లేదు. బల్ల కింద ఎవరిదో కుంచె వెతుకుతున్నట్టుంది.

ఫాదర్ వచ్చారు, పటం చూశారు, నావైపు తిరిగారు. "పర్వాలేదమ్మా. ఒప్పుకుంటే మనసు తేలికవుతుంది."

"నేను ఆ పటాన్ని ముట్టుకోలేదు ఫాదర్. నా మనసు తేలిగ్గానే ఉంది."

అత్తగారు దగ్గారు. నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఇక ఆ గదిలో ఒప్పుకోవడానికి మిగిలింది ఒక్కరే. ఆయన నావైపు చూశారు, ఎప్పటిలాగే నేను ఏదో ఒకటి అని గట్టెక్కిస్తానని. నేను పుల్ల తీసుకుని దూది చుట్టడం మొదలుపెట్టాను.

"చుక్కలు చెరిపింది నేనేనండీ. అది పొరపాటు," అన్నారు మా ఆయన. "మా ఆవిడ పేరు మాత్రం తెలిసే చెప్పాను. తప్పు నాది."